కృష్ణాతీర వజ్రములు: వేలమునకెక్కినవి, న్యాసమందు నిలిచినవి

ఆలయ జీర్ణోద్ధరణ కార్యములో భక్తులు కన్నులార చూచునవి కొన్ని, చూడనివి కొన్ని. విమానశిఖరము, ధ్వజస్తంభము, క్రొత్త తలుపులకు వేసిన ఇత్తడి తొడుగు అందరికిని కనబడును. కనబడనిది రత్నన్యాసము. మూలమూర్తిని పీఠముపై నిలుపుటకు ముందు పీఠమధ్యమందలి గర్తములో నవరత్నములను, లోహములను, ధాన్యములను, ఓషధులను, యంత్రమును ఆగమోక్త క్రమమున ఉంచి, దానిపై స్వామిని వేంచేపు చేసి, అష్టబంధనముతో మూసివేయుదురు. ఈ సంచిక మీ చేతికి వచ్చు నాటికి ఆ క్రియ ముగిసియుండును. రాళ్లు సమర్పించిన దాతలలో పలువురు "అయ్యా, మరల వీనిని ఎవరైన చూతురా?" అని అడిగినారు. చూడరు. చూడకూడదు. ఆ క్షణము మొదలుకొని ఆ రాళ్లకు వెల లేదు. వెల లేదనగా విలువ లేదని కాదు, వాటిని బేరమునకు పెట్టు అధికారము మానవులకెవ్వరికిని లేదని అర్థము.

ఇట్లు వెల లేని రాళ్లను స్వామి పాదముల క్రింద ఉంచుచున్న మనము, లోకములో అన్నింటికంటె ఎక్కువ వెల పలికిన రాళ్లు పుట్టిన నేలమీద నిలిచియున్నామన్న సంగతి మన యువతరములో చాలమందికి తెలియదు. ఈ వ్యాసము ఆ రాళ్ల కథ. అవి ఎక్కడ పుట్టినవి, ఎట్లు చేతులు మారినవి, ఏయే వేలములకెక్కినవి, ఆ ప్రయాణములో ఏమి పోగొట్టుకొన్నవి అనునది తెలిసినచో మనము చేయు న్యాసమునకు అర్థము మరింత స్పష్టమగునని నా తలంపు.

ఇబ్రహీంపట్నమునుండి హైదరాబాదు రహదారిపై పడమరగా పోవునప్పుడు, కంచికచర్ల చేరకముందే పరిటాల వచ్చును. ఇప్పుడు అక్కడ 2003లో నెలకొల్పిన అభయాంజనేయస్వామి విగ్రహము దూరమునుండియే దర్శనమిచ్చును. బస్సులోని వారందరును చేతులు జోడింతురు. కాని 300 సంవత్సరములకు పూర్వము పరిటాల పేరు లండను, పారిస్ నగరముల వర్తకుల నోళ్లలో నానినది భక్తివలన కాదు, వజ్రములవలన. మన ఉత్తర సర్కారులన్నియు ఆంగ్లేయుల చేతికి పోయిన తరువాతను పరిటాల, దాని చుట్టునున్న కొన్ని గ్రామములు మాత్రము స్వాతంత్ర్యము వచ్చునంతవరకు నిజాము ఏలుబడిలోనే నిలిచినవి. వజ్రముల ఆశచేతనే ఆయన వానిని వదలలేదని పెద్దలు చెప్పుదురు. నదికి ఆవలి యొడ్డున, ఎగువగా, నేటి పల్నాడు జిల్లా ప్రాంతములో కొల్లూరు గని యుండెను. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపులో కలిసిపోయినది.

వజ్రపరీక్ష మన శాస్త్రములకు క్రొత్త కాదు. వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో రత్నపరీక్షకు అధ్యాయములు కేటాయించి, వజ్రములు దొరకు తావులను పేర్కొనుచు వేణానదీ తీరమును చెప్పినారు. అది మన కృష్ణవేణియే అనువారు కొందరు, మధ్యదేశపు వైనగంగ అనువారు కొందరు. గరుడపురాణమందును రత్నపరీక్ష కలదు. ఈ గ్రంథములలో నాకు ఆశ్చర్యము కలిగించు విషయమొకటి యున్నది. అవి రాయి పుట్టిన చోటును దాని గుణములలో భాగముగ చెప్పును. పుట్టిన ఊరు తెలియని రత్నము సగమే పరీక్షింపబడిన రత్నమని దాని తాత్పర్యము. ఈ మాట ముందు పనికి వచ్చును.

మచిలీపట్నములో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా నున్న విలియం మెత్‌వోల్డు కొల్లూరు గనిని స్వయముగ చూచి, అక్కడ 30 వేలమంది పనిచేయుచున్నారనియు, 10 క్యారెట్లకు మించిన రాళ్లు గోలకొండ సుల్తానుకే చెందుననియు వ్రాసెను. ఆయన రచన 1626లో అచ్చయినది. ఆ తరువాత ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి, పనివారి సంఖ్య 60 వేలకు దగ్గరగ నున్నదని చెప్పెను. పురుషులు త్రవ్వుదురట, స్త్రీలు, పిల్లలు మట్టి మోయుదురట. ఒక పేదవాడు చిరుధాన్యము చల్లుటకు నేల త్రవ్వుచుండగా 25 క్యారెట్ల రాయి బయటపడుటతో ఆ గని పుట్టినదని కూడ అతడు విని వ్రాసెను. ఆ పేదవాని పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు.

టావెర్నియే గ్రంథము 1676లో వెలువడినది. అందులో రావుల్కొండ అని అతడు పేర్కొన్న గనివద్ద జరిగిన బేరముల వర్ణన చదువ దగినది. కొనువాడు, అమ్మువాడు ఎదురెదురుగ నేలపై కూర్చుందురు. ఒకరు నడుముకు చుట్టిన గుడ్డను విప్పి చేతులపై కప్పుదురు. ఆ గుడ్డచాటున అమ్మువాడు కొనువాని చేయి పట్టుకొనును. అరచేయి మొత్తము పట్టిన 1000, ఒక వ్రేలు పట్టిన 100, వ్రేలిని నడిమి కణుపువరకు పట్టిన 50, కొన పట్టిన 10. నోట మాట లేదు, ముఖమున భావము లేదు. చుట్టు ఎందరున్నను వెల ఇరువురికే తెలియును. మన పశువుల సంతలలో తువాలు చాటున వ్రేళ్లు పట్టుకొని జరిగిన బేరములు ఎరిగినవారు ఈ వర్ణనను చదివి చిరునవ్వు నవ్వుకొందురు.

వేలము ఇందుకు నేరుగ ఎదురు. అందరి ముందర, అందరికి వినబడునట్లు, హెచ్చు పాడినవానికి వస్తువు దక్కును. మన వేలము, హిందీలోని నీలాము, మలయాళములోని లేలము అన్నియు పోర్చుగీసు వర్తకులు తెచ్చిన పదమునుండి వచ్చినవేనని భాషావేత్తలు చెప్పుదురు. ఇప్పుడది మన ఇంటిమాట అయినది. అమ్మవారికి సమర్పించిన చీరలకు ఇంద్రకీలాద్రిపై వేలము, తలనీలాలకు తిరుమలలో వేలము, కొబ్బరికాయల దుకాణమునకు ప్రతి దేవస్థానమునందును వేలము. హైదరాబాదు బాలాపూరు గణేశుని లడ్డు 1994లో 450 రూపాయలకు పాడుకొన్నది మొదలు నేడు లక్షలకెక్కినది. వీనిలో దోషము లేదు. చీర కాలవశమున చినుగును, లడ్డు ప్రసాదమై పోవును, వచ్చిన ధనము ధర్మకార్యమునకు చేరును. నేను చెప్పబోవునది వేరు జాతి వేలము.

పరిటాల గనిలో దొరికినదని ప్రసిద్ధి కెక్కిన వజ్రములలో పెద్దది నేడు రీజెంటు అను పేర పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. అది కొల్లూరు రాయియే అను పక్షము కూడ కలదు. ముడిరాయిగ అది 410 క్యారెట్లు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో జంచంద్ అను వర్తకుని వద్ద 48 వేల పగోడాలకు దానిని కొనెను. దానిని కనుగొన్న బానిస తన కాలి గాయములో దాచుకొని పారిపోయి, ఓడ కెప్టెను చేతిలో హతుడయ్యెనని ఒక కథ. కథ నిజమో కాదో గాని, అట్టి కథ పుట్టుటకు తగిన దుఃఖము ఆ గనులలో నుండెననుటలో సందేహము లేదు. ఇంగ్లండులో సానపట్టగా రాయి 140 క్యారెట్లకు తగ్గినది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియాన్సు ప్రభువు దానిని 135 వేల పౌనులకు కొనెను. అప్పుడే దానికి "రీజెంటు" అను పేరు స్థిరపడినది. 1792లో దొంగలెత్తుకొనిపోగా మరుసటి యేడు దొరికినది. నెపోలియను తన కత్తిపిడిలో దానిని పొదిగించుకొనెను.

ఇక వేలము. ఫ్రాన్సులో రాజరికము పోయి గణతంత్రము వచ్చిన పిమ్మట, కిరీటమునకు చెందిన ఆభరణములున్నంతకాలము రాజు మరల వచ్చునను ఆశ కొందరికి పోదని తలంచి, ఆ ప్రభుత్వము 1887 మే మాసములో వానిని బహిరంగ వేలమున విక్రయించెను. అమెరికాకు చెందిన టిఫనీ సంస్థ అందరికన్న హెచ్చుగ కొనినది. ఎన్నో నగలు విడదీయబడి, రాళ్లు ఊడదీయబడి, ఎవరెవరి మెడలలోనో చేరినవి. కాని చరిత్ర విలువగల కొన్నింటిని అమ్మరాదని ఆ ప్రభుత్వమే నిశ్చయించినది. వానిలో మన రీజెంటు ఒకటి. వెలను బట్టి కాదు, వెనుకనున్న చరిత్రను బట్టి దానిని నిలుపుకొన్నారు. అమ్ముకొన్నవానికై తరువాత వారు చింతించినారనుటకు సాక్ష్యము కూడ కలదు. నాడు వేలములో పోయిన యూజెనీ మహారాణి వజ్రపు ముడి పతకమును 2008లో లూవ్రు ప్రదర్శనశాల తిరిగి కొనినది. 2025 అక్టోబరు 19న ఆ ప్రదర్శనశాలలో పట్టపగలు జరిగిన దొంగతనములో ఆ పతకము దొంగలపాలైనది. అదే గదిలోనున్న రీజెంటు మాత్రము చెక్కుచెదరలేదు.

కోహినూరు వేలమునకెక్కినది కాదు గనుక దాని కథ ఇక్కడ విస్తరింపను. ఒక్క సంగతి మాత్రము చెప్పవలెను. మహారాజా రణజీతు సింహుడు మరణశయ్యపై దానిని పూరీ జగన్నాథునకు సమర్పింప దలచెననియు, కోశాధికారులు అది రాజ్యపు సొత్తని అడ్డుచెప్పిరనియు చరిత్రకారులు వ్రాసినారు. ఆ సమర్పణ జరిగినచో 1849లో లాహోరు సంధితో అది సముద్రము దాటెడిదా, దాటెడిది కాదా అన్నది ఎవరును చెప్పలేరు.

మన కాలమునకు దగ్గరగ వచ్చెదము. 34.65 క్యారెట్ల గులాబిరంగు వజ్రమొకటి నిజాము వంశీయుల వద్ద నుండెడిది. 1960లో లండనులోని సోథ్‌బీస్ వేలములో అది అమ్మకమునకు వచ్చినది. అమ్మువారి పేరు పుస్తకములో ఏమని వ్రాసినారో తెలియునా? "ఒక పెద్దమనిషి సొత్తు" అని! 46 వేల పౌనులకు ఒక ఫ్రెంచి నగలసంస్థ దానిని కొని, బరోడా రాణి సీతాదేవి కుమారుని ముద్దుపేరున "ప్రిన్సీ" అని నామకరణము చేసినది. సీతాదేవి పిఠాపుర సంస్థానాధీశుల పుత్రిక. సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన ఆ ప్రభువుల యింటి ఆడపడుచు. తెలుగునేలలో పుట్టిన రాయికి తెలుగు తల్లి బిడ్డ పేరు పెట్టబడినది. కాని పుట్టిన ఊరి పేరు మాత్రము ఎక్కడను లేదు. 2013 ఏప్రిలులో న్యూయార్కు క్రిస్టీస్ వేలములో ఆ రాయి 3 కోట్ల 93 లక్షల డాలర్లకు పోయినది. నాటి మారకపు లెక్కన అది 210 కోట్ల రూపాయలకు పైమాట.

ఈ సంఖ్యను మరియొక సంఖ్యతో పోల్చి చూడుడు. నిజాము నెలకొల్పిన ధర్మనిధుల క్రిందనున్న 173 ఆభరణములను పరదేశీయులకు వేలమువేయు ప్రయత్నము జరుగగా, న్యాయస్థానములలో సుదీర్ఘ వివాదము నడచిన పిదప, 1995లో భారత ప్రభుత్వము వానినన్నింటిని 218 కోట్లకు కొనినది. 18 సంవత్సరముల తరువాత ఒక్క రాయికి అన్య దేశములో వచ్చిన వెల, నాడు ఆ భాండారమంతకు ఇచ్చిన వెలకు ఇంచుమించు సమానము. రూపాయి విలువ నడుమ తగ్గినదన్నది నిజమే. అయినను ఆ నగలు మన దేశములో నిలిచినవి. సాలార్‌జంగు మ్యూజియములో 2001లోను, 2006లోను వానిని ప్రజల దర్శనార్థము ఉంచిరి.

వేలముల పట్టికలలో ఈ రాళ్లన్నింటికి "గోలకొండ" అను ఒకే పేరు. గోలకొండలో వజ్రపు గని లేదు. అది కోట, అంగడి, రాజధాని. గనులు కృష్ణాతీరమున, మన పొలములలో నుండెను. కొల్లూరువారు, పరిటాలవారు ఎత్తిన మట్టి ఆ పేరులో మరుగుపడినది. పుట్టుక చెప్పనిది సగము పరీక్షయే అను మన శాస్త్రపు మాట ఇక్కడ గుర్తు చేసికొనవలెను.

ఇంకను బాధాకరమైనది ఒకటి. విటెల్స్‌బాక్ అను నీలవజ్రము కొల్లూరు రాయియని పలువురి నమ్మకము. 35.56 క్యారెట్ల ఆ రాయి 2008 డిసెంబరులో లండను క్రిస్టీస్ వేలములో ఒక కోటి 64 లక్షల పౌనులకు పోయినది. కొనిన వర్తకుడు దానిపైనున్న చిన్న గాట్లు తొలగి రంగు మెరయుటకై మరల సానపట్టించి 31.06 క్యారెట్లకు తగ్గించినాడు. వెల పెరిగినది. కాని శతాబ్దముల నాటి శిల్పి చేతిపని పోయినదని చరిత్రకారులు వాపోయినారు. ఈ కథ చదివినప్పుడు నాకు మన జీర్ణోద్ధరణలే తలపునకు వచ్చినవి. నల్లరాతి స్తంభములను ఇసుకయంత్రముతో కొట్టి తెల్లగా చేసి, శాసనాక్షరములను ఆనవాలు లేకుండ చేసిన ఆలయములను ఎన్నింటినో చూచినాను. క్రొత్తదనము కొరకు పాతదనమును గీకివేయుట జీర్ణోద్ధరణ కానేరదు.

ఇప్పుడు న్యాసము చేసిన రత్నముల చరిత్రకు వత్తము. మన డెల్టాలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రే త్రవ్వి చూచినప్పుడు, అప్పటికే ఆ స్తూపపు ఇటుకలు, రాళ్లు చాలవరకు రోడ్లకు, కాలువ పనులకు పోయియుండెను. అయినను గర్భమందు మూడు రాతి భరిణెలు దొరికినవి. వానిలో స్ఫటికపు పాత్రలు, బంగారు పూలు, ముత్యములు, పూసలు. నేటికి 2200 సంవత్సరములకు పూర్వపు సమర్పణ అది. భరిణెల మూతలపై అక్షరములున్నవి. కుబీరకుడను రాజు పేరు, సమర్పించినవారి పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగ చెక్కబడియున్నవి. సంచిక వెనుక పుటలలో మన దాతల పట్టిక ఉన్నట్లే! ఆ రోజులలో ఆ ఊరి కమిటీవారు ఎవరో నేటికిని మనకు తెలియును.

ఇట్టి సమర్పణయే ఉత్తరదేశమున పిప్రహ్వా స్తూపములో 1898లో పెప్పే అను ఆంగ్లేయునికి దొరికినది. బుద్ధధాతువులతోపాటు ఉంచిన రత్నములు అవి. ఎక్కువ భాగము కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు చేరగా, కొంత భాగము ఆయన కుటుంబము వద్దనే నిలిచినది. 2025 మే 7న హాంకాంగ్‌లో సోథ్‌బీస్ సంస్థ ఆ కుటుంబపు భాగమును వేలము వేయబూనినది. భక్తితో భూస్థాపితము చేసిన దానిని పాటకు పెట్టుట తగదని లోకమంతట బౌద్ధులు ఆక్షేపించిరి. భారత ప్రభుత్వము న్యాయసూచిక పంపినది. వేలము ఆగినది. గోద్రెజ్ సంస్థల అధిపతులలో ఒకరైన పిరోజ్‌షా గోద్రెజ్ వానిని కొనగా, జూలై నెలాఖరున ఆ రత్నములు స్వదేశమునకు వచ్చినవి. వానికి మన దేశము గట్టిగ నిలబడగలుగుటకు కారణము ఏమి? అవి ఎక్కడ దొరికినవో, ఏ భరిణెలో దొరికినవో, ఆ భరిణెపై ఏమి వ్రాసియున్నదో 1898 నాడే నమోదగుట. "ఒక పెద్దమనిషి సొత్తు" అను ముసుగు అక్కడ చెల్లలేదు. ప్రిన్సీ విషయములో అట్టి వ్రాత లేదు, అడుగువారును లేరు.

ఈ కారణముచేతనే మన ప్రతిష్ఠలో సమర్పింపబడిన ప్రతి వస్తువును, పాత ఆలయమునుండి తీసి భద్రపరచిన ప్రతి పాత్రను, ప్రతి శిలను ఫొటో తీయించి, కొలతలతో, తూకముతో, దాత పేరు, గోత్రము, తేదీలతో నమోదు చేయవలెనని పట్టుబట్టితిని. పగిలిన నందిని, అరిగిన ద్వారపాలకులను "పాతవి గదా" యని ఎవరికిని ఇచ్చివేయలేదు. 100 సంవత్సరములు దాటిన శిల్పమును దేశము దాటించుట 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నేరము. కాని ఆ శిల్పము మనదే యని చూపుటకు కాగితము లేనిచో చట్టము ఎవరి పక్షమున నిలువగలదు?

నమోదును గూర్చి చెప్పుచునే ఒక శంకకు సమాధానము చెప్పవలెను. పీఠము క్రింద రత్నములున్నవని ఇట్లు అచ్చులో చాటుట దొంగలను పిలుచుట కాదా యని కమిటీలో ఒకరు అడిగినారు. శంక న్యాయమైనదే. 2019 జూలైలో ఆనెగొంది నవబృందావనమునందు వ్యాసరాయల బృందావనమును నిధికొరకు పగులగొట్టిన దుర్మార్గులు మన రాష్ట్రమువారే యని తేలినప్పుడు తెలుగువారమందరము సిగ్గుపడితిమి. ఊరి బయటి శివాలయములలో లింగములను పెకలించుటయు, నందుల మెడలు విరుచుటయు పత్రికలలో చూచుచునే యున్నాము.

కావున ఉన్న మాట చెప్పెదను. న్యాసమునకు వాడు నవరత్నములు ఆవగింజంత, పెసరగింజంత రాళ్లు. అంగడిలో ఆ రాళ్ల జత మొత్తము కొనుటకు అయిన ఖర్చు అన్నసంతర్పణలో ఒక బస్తా బియ్యపు ఖర్చుకు మించదు. శాస్త్రము జాతిని, దిక్కును, మంత్రమును చెప్పినదే గాని ఇన్ని క్యారెట్లుండవలెనని నిర్బంధింపలేదు. పెద్ద రాళ్లు ఇచ్చెదమన్న దాతలను ఒప్పించి వానిని స్వామివారి కిరీటమునకు, హారమునకు మళ్లించితిమి. అవి పదిమంది కన్నుల ఎదుట, తాళము క్రింద, జాబితాలో ఉండును. పీఠము త్రవ్వువానికి దొరకునది పిడికెడు ధాన్యము, రాగిరేకు, గుప్పెడు గులకరాళ్లవంటి చిన్నరాళ్లు. దాత పేరుతో కూడిన పుస్తకము మూడు ప్రతులుగ వ్రాయించి, ఒకటి ఆలయమున, ఒకటి కార్యనిర్వహణాధికారి వద్ద, ఒకటి ధర్మకర్తల వద్ద ఉంచినారు. సమర్పించినవారు ఎవరైనను వచ్చి తమ పుటను చూచుకొనవచ్చును.